అద్దాల గది వెనక బల్ల

నగరం నడిబొడ్డున, ఎప్పుడో రాజులు వేయించిన తోటకి ఆమె కాపలాదారు. పచ్చిక తొక్కినా, పువ్వు మీద చెయ్యి పడినా, పొద చాటున జంట కనబడినా ఆమె ఈల చెవులకి చిల్లులు పొడిచేది. రోజూ నడకకొచ్చేవాళ్ళు ఆమెకి ఈలక్క అని పేరు పెట్టేశారు.

ఇంట్లో సిటీ బస్సు నడిపే భర్త, అత్తగారు. మామగారు పోయినప్పటి నుంచీ అత్తగారు ఏమడిగినా ఊ, ఆ అనడమే. అలాంటిది ఈమధ్య మధ్యాహ్నం భోజనం కాగానే మోకాళ్ళ డాక్టరు దగ్గరికంటూ బయల్దేరుతోంది. వచ్చేటప్పుడు మొహం తేటగా ఉంటోంది. మందు బాగా పట్టిందనుకుంది కోడలు.

ఒకరోజు తోటి కాపలావాడు సెలవు పెట్టడంతో ఈలక్కని పెద్ద గేటు దగ్గర్నుంచి, వెనక గేటు పక్కన మొక్కలు పెంచే అద్దాల గది వైపు పంపారు. దాని వెనక బల్ల మీద ఎవరో పెద్దాయనతో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అత్తగారు నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా.

ఈల పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది. కాపురానికొచ్చాక ఆ నవ్వు ఆమె ఎన్నడూ వినలేదు. కోపం వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. మెల్లగా వెనుదిరిగింది. కానీ అత్తగారు చూడనే చూసింది.

ఆ సాయంత్రం అత్తగారు కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయత్తయ్యా?"

"చూశావుగా."

"చూశాను. ఆ బల్ల చెమ్మగా ఉంటుంది. ఎండ పడే వైపు కూర్చోండి ఇద్దరూ. లేకపోతే మోకాళ్ళు నిజంగానే పట్టేస్తాయి."

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న భర్త చెవిన పడనే పడింది.

"ఇద్దరెవరమ్మా?"

"మా పుట్టింటి వీధివాడు. గడియారాలు బాగుచేసేవాడు."

"నాన్న పోయి ఏడాదైనా కాలేదు."

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపింది. "నీకు అమ్మని, దీనికి అత్తని, వీధిలో వాళ్ళకి మామ్మని. మీ నాన్న పోయాక నన్ను పేరు పెట్టి పిలిచే మనిషే లేడురా. ఈయన పిలుస్తాడు."

కొడుకు విసురుగా లోపలికెళ్ళాడు. ఆ కోపమంతా గదిలో పెళ్ళాం మీద చూపించాడు. "నువ్వైనా ఆపొద్దా?"

"బల్ల మీద కూర్చోకూడదని ఏ బోర్డులోనూ రాయలేదు," అంది ఈలక్క, దుప్పటి దులుపుతూ.

కొన్నాళ్ళు తల్లి బయల్దేరే వేళకి అతను ఇంట్లో లేకుండా చూసుకున్నాడు. ఒక ఆదివారం, బయల్దేరుతున్న తల్లిని వాకిట్లో ఆపాడు.

"ఆయన టీలో చక్కెర వేసుకుంటాడా?" అన్నాడు ఎటో చూస్తూ.

"ఎక్కువే వేసుకుంటాడు."

"అయితే వచ్చేటప్పుడు ఆయన్నీ తీసుకురా. ఇక్కడే తాగుతాడు."