తెల్లకాగితపు కమ్మలు

మొన్న చంద్రపూర్‌లో మహిళా సంఘం వాళ్ళు పెట్టిన అమ్మకాల్లో, ఎండకు కాలిపోతున్న రేకుల పందిరి కింద కూర్చుని ఉండగా, ఒక మరాఠీ అమ్మాయి నా కాగితపు కమ్మల్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, పిన్ని వరస కలిపి, ఇంత పనితనం ఉండి ఒక్కదానికైనా రంగు వేయలేదేం మావ్‌శీ, బంగారు రంగు పూస్తే ఎగరేసుకుపోతారు కదా అంది. మంచి మాటే చెప్పింది పాపం. కానీ దానికి జవాబు చెప్పాలంటే ఎంతో వెనక్కి వెళ్ళాలి, వేలి కీళ్ళు లాగేస్తున్న ఈ వయసులో అంత ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను. నా ఈడు వాళ్ళు కనుక మీకు చెబుతాను.

మా నాన్న తెలంగాణ నుంచి ఇక్కడి బొగ్గుగని పనికి వచ్చినవాడు. నేను బడిలో ఉండగానే దగ్గి దగ్గి పోయాడు. పదో రోజున ఆయన అక్క, అంటే మా మేనత్త, అమ్మ ముక్కుపుల్లా చెవుల గెంటీలూ తన చేతులతోనే తీసింది. అత్త చెడ్డది కాదు. చిన్నప్పుడే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది, తనకు జరిగిందే ఎవరికైనా జరగాలనుకునేది తప్ప వేరే ఎరగదు. ఆమె మాటంటే ఇంట్లో అందరికీ హడలు. అప్పటినుంచి అమ్మ అద్దం ముందు నిలబడటం మానేసింది, ఎవరైనా వస్తే కొంగు చెవుల మీదికి లాక్కునేది. అది చూస్తేనే నాకు ఏడుపొచ్చేది.

పెద్దయ్యాక నేను పెళ్ళిపత్రికల ప్రెస్సులో పనికి కుదిరాను. అక్కడ మందపాటి కాగితాన్ని అచ్చుల మధ్య నొక్కితే సిరా చుక్క లేకుండానే తీగలూ పువ్వులూ ఉబ్బెత్తుగా పైకి లేచేవి. కత్తిరించగా మిగిలిన అంచులు ఇంటికి తెచ్చుకుని, కాస్త తడి తగిలించి, గుండ్రటి మొన ఉన్న ఇనుప పుల్లతో వెనకనుంచి ఒత్తుతూ మల్లెమొగ్గలు తీయడం నాకు నేనే నేర్చుకున్నాను. ఎన్ని చిరిగాయో, తల ప్రాణం తోకకొచ్చేది. చివరికి వేలిగోరంత కమ్మల జత ఒకటి కుదిరితే, చెవికి పెట్టుకోను వెనక సన్నటి ఇనుప తీగ బిగించాను. బంగారం లేదు, రంగు లేదు, వెలుగు పక్కనుంచి పడితే తప్ప పువ్వు కనబడదు. దీనికి అత్త మాత్రం ఏం వంక పెట్టగలదు అనుకున్నాను.

తీరా అమ్మ చెవికి పెట్టబోతుంటే, ఇన్నేళ్ళకు కన్నం పూడిపోయి ఉంటుందేమోనని చేయి ఆగింది. తీగ సులువుగా దూరింది. రోజూ పడుకునే ముందు వేపపుల్ల దోపుకుని, తెల్లారకముందే తీసేస్తున్నానని అమ్మ తల వంచుకుని చెప్పింది. పక్కలో పడుకునే నాకే తెలియకుండా అంత ఆశ దాచుకుందా అనుకుంటూ రెండో చెవికీ పెట్టాను.

అంతలో అత్త గుమ్మంలోకి వచ్చింది. అమ్మ చేతులు చెవుల మీదికి పోయాయి. అత్త దగ్గరికి వచ్చి ఆ చేతులు దించి, కమ్మను వేలితో తాకి చూసింది. పీకి పారేస్తుందనే అనుకున్నాను.

"ఉండనియ్యి మరదలా, కాయితమే గదా," అంది. తర్వాత నా వైపు చూడకుండానే, "నాకు చెయ్యకు బిడ్డా, నాయి ఎప్పుడో పూడుకపోయినయి," అంది.

బొగ్గుపొడికి ఆ తెలుపు నిలిచేది కాదు, నెల తిరక్కుండానే మాసిపోతే మళ్ళీ చేసేదాన్ని. అలా అమ్మకు చేస్తూ చేస్తూనే నా చేయి తిరిగింది, తర్వాత అదే బతుకుతెరువైంది. రంగు వేయడం చేతకాక కాదు, తెలుపే చేతికి అలవాటైపోయింది.

ఇప్పుడు మా కాలనీలో భర్త పోయిన ఆడవాళ్ళు కమ్మలు తీయడం లేదు, బొట్టు పెట్టుకుని, నచ్చిన రంగు చీర కట్టుకుని పనులకు పోతున్నారు. ఒకరిద్దరు నా దగ్గరే కొనుక్కున్నారు, చూస్తే కడుపు నిండింది. ఎవరూ గొడవ పడకుండానే, ఎవరి అనుమతీ అడక్కుండానే పోయింది ఆ కట్టుబాటు. ఇంత తేలిగ్గా పోయేదాని కోసమా మా అత్త ఒక జన్మంతా బోడిచెవులతో తిరిగింది అనిపించి, ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది. ఆ కోపాన్ని కాసేపు నిలుపుకుందామన్నా ఇప్పుడు ఒంట్లో ఓపిక లేదు.