రాయదుర్గం వాలు మీద జీపు తిరగబడిన రోజు

1973 వానాకాలం. అప్పుడు నేను ఒక ప్రభుత్వ శాఖలో జీపు డ్రైవరుని. హైదరాబాదుకు పడమరగా, రాయదుర్గం నుంచి కొత్తగూడ మీదుగా బాచుపల్లి వైపు కరెంటు లైను వేయడానికి సర్వే నడుస్తోంది. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్లు, ఆఫీసు మేడలు లేచాయి. అప్పుడు మా ముందున్నవి బండలు, మోకాలెత్తు గడ్డి, సీతాఫలం పొదలు, వాటి మధ్య ఎడ్లబండ్ల బాటలు. లైను తిన్నగా పోవాలి. బాట ఎటు వంగినా మేము మాత్రం లైను వెంటే పోవాలి.

మూడు నెలలుగా నాకు సెలవు లేదు. నాతో పాటు ఉన్న రెండో డ్రైవరు బదిలీ అయ్యాక అతని చోటు ఖాళీగానే ఉంది. పొద్దున్నే బయలుదేరి చీకటి పడేదాకా స్టీరింగు పట్టుకుంటే, ఇంటికెళ్ళి అన్నం కలుపుకునేటప్పుడు వేళ్ళు ముడుచుకునేవి కావు. రాళ్ళలో జీపు తోలడమంటే చేతుల పని, నడుము పని. చక్రం రాయికి తగిలినప్పుడల్లా స్టీరింగు ఒక్కసారిగా తిరుగుతుంది. బొటనవేలు దాని పుల్లల లోపల ఉంటే విరుగుతుంది. అందుకే మేము బొటనవేళ్ళు బయటే ఉంచి పట్టుకుంటాం.

జీపు ఎక్కడికైనా పోతుందని జనం అనుకుంటారు. ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, నిజమే. కానీ అది ఎత్తైన బండి, వెడల్పు తక్కువ. దాని సెంటర్ ఆఫ్ గ్రావిటీ, అంటే బరువంతా నిలిచే చోటు, బాగా పైన ఉంటుంది. వెనక సామాను పేర్చామంటే ఇంకా పైకి పోతుంది. వాలు మీద తిన్నగా పైకి ఎక్కితే, తిన్నగా కిందికి దిగితే ప్రమాదం తక్కువ. వాలుకు అడ్డంగా పోతే మాత్రం పై చక్రం చిన్న రాయి ఎక్కినా, కింది చక్రం చిన్న గుంటలో దిగినా బండి పక్కకు పడుతుంది. ఇదంతా నాకు ఆ రోజు కూడా తెలుసు.

బండిలో ముగ్గురం. మా అసిస్టెంట్ ఇంజనీరు సుబ్బారావు గారు, తెనాలి దగ్గరి మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మంచివాడే, కానీ పైనుంచి తరిమే ఆఫీసర్ల చేత చిక్కి సగమయ్యాడు. రెండో మనిషి మల్లయ్య, కొత్తగూడ వాడు. సర్వే గొలుసు పట్టేది, మేకులు కొట్టేది, సామాను మోసేది అతనే. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, అతను తమ్మీ అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం మల్లయ్యకు జ్వరం వచ్చింది. రెండు రోజులుగా ముసురు. తడిసిన బట్టల్లోనే పని చేశాడు. వెనక సీటు మీద గొంగడి కప్పుకుని పడుకున్నాడు. అతని పక్కనే ఇనప మేకుల సంచులు, నీళ్ళ డబ్బా, ఆ పైన సర్వే పరికరం పెట్టె. మామూలుగా బరువైనవి కింద పేర్చి తాడుతో బిగించేది మల్లయ్యే. ఆ రోజు సుబ్బారావు గారూ నేనూ ఎలా పడితే అలా పడేశాం.

రాయదుర్గం గుట్ట పక్క నుంచి తిరిగి వస్తుంటే ఒక వాలు అడ్డమొచ్చింది. సరైన దారి గుట్ట చుట్టూ తిరిగి పోతుంది, నాలుగు మైళ్ళు. వాలుకు అడ్డంగా పోతే రెండు ఫర్లాంగులు. నేను బండి ఆపాను.

"ఏమయ్యా యాదగిరీ, ఆపావేం?" అన్నారు సుబ్బారావు గారు.

"గిట్ల అడ్డంగ పోవద్దు సార్. గడ్డి తడిసి ఉంది, దాని కింద బండ. జారుతది. చుట్టు తిరిగి పోదాం."

"చుట్టు తిరిగితే గంట పడుతుందయ్యా. మల్లయ్యని చూడు, ఒళ్ళు కాలిపోతోంది. నిన్న ఇక్కడే ఎడ్లబండి పోతుంటే చూశాంగా?"

"ఎడ్లబండి వేరే సార్, జీపు వేరే."

"నెమ్మదిగా పోనివ్వు. నీకు చెయ్యి తిరిగిన పనేగా."

ఇంకోసారి కాదంటే ఆయన ఒప్పుకునేవాడే. ఆ మనిషి స్వభావం నాకు తెలుసు. కానీ ఇంకోసారి కాదనే ఓపిక నాలో లేదు. నాలుగు మైళ్ళు ఆ బురదలో తోలే ఓపిక కూడా లేదు. రెండు ఫర్లాంగులు పోతే ఇంటి దారి పడతాం. నాకు కూడా అదే కావాలనిపించింది.

"అయితే అందరు దిగున్రి. ఖాళీ బండి నేనొక్కణ్ణే దాటిస్త" అన్నాను.

సుబ్బారావు గారు దిగారు. మల్లయ్య గొంగడి లోంచి తల ఎత్తి, "నాకు చాతనైత లేదు తమ్మీ. లేస్తే కండ్లు తిరుగుతున్నయ్. గిట్లనే పండుకుంట" అన్నాడు.

"సరే, పండుకో. గట్టిగ పట్టుకో" అన్నాను.

దిగి నడిచి చూడాలి. తెలియని వాలు మీద చక్రం ఎక్కడెక్కడ పడుతుందో కాళ్ళతో నడిచి చూసుకున్నాకే బండి కదపాలి. అదీ చెయ్యలేదు. లో గేరు వేసి, నడక వేగంతో కదిలాను. సగం దూరం బాగానే పోయింది. అప్పుడు వెనక చక్రాలు కిందికి జారాయి. అలా జారినప్పుడు స్టీరింగు పల్లం వైపు తిప్పాలి. భయంతో మిట్ట వైపు తిప్పితే బండి వెంటనే బోర్లా పడుతుంది. నేను పల్లం వైపే తిప్పాను. బండి ముక్కు కిందికి మళ్ళుతోంది, బతికాం అనుకున్నాను. అంతలో పైవైపు ముందు చక్రం గడ్డిలో దాగిన రాయి ఎక్కింది. వెనక మేకుల సంచులన్నీ ఒక్కసారిగా పల్లం వైపుకు దొర్లాయి. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది.

"దుంకకు అన్నా!" అని అరిచాను. కానీ జ్వరంలో ఉలిక్కిపడి లేచిన మనిషికి ఏం వినబడుతుంది? మల్లయ్య పల్లం వైపుకే దూకాడు. బండి అటే పడింది.

నేను స్టీరింగును వాటేసుకుని లోపలే ఉన్నాను. మెడ పక్క ఎముక విరిగింది. గుడ్డ టాపు చిరిగితే అందులోంచి పాక్కుంటూ బయటపడ్డాను. మల్లయ్య ఎడమ కాలు మోకాలి కింద జీపు అంచుకీ బండకీ మధ్య ఉంది. అతను అరవడం లేదు. "బరువుంది, తమ్మీ, బరువుంది" అని మెల్లగా అంటున్నాడు.

సుబ్బారావు గారు పరుగెత్తుకొచ్చి ఒక్కడే జీపు ఎత్తబోయారు. పెట్రోలు కారుతున్న వాసన వస్తోంది. నేను ఒక చేత్తో బ్యాటరీ తీగ ఊడదీసి, "సార్, గుట్ట అవతల రాళ్ళు కొట్టేటోళ్ళున్నరు, ఉరుకున్రి" అన్నాను. ఆయన చెప్పులు వదిలేసి పరుగెత్తారు. పదిమంది గడ్డపారలతో వచ్చారు. వాళ్ళలో ఒక పెద్దాయన బీడీ నోట్లో పెట్టుకుని వస్తుంటే దాన్ని ఆర్పించాను. వాళ్ళకు బరువు సంగతి నాకన్నా బాగా తెలుసు. గడ్డపార మోపి కొంచెం ఎత్తడం, కింద రాయి దూర్చడం, మళ్ళీ ఎత్తడం. బండి మళ్ళీ జారకుండా అలా పావుగంటలో కాలు బయటికి తీశారు. వాళ్ళ రాళ్ళ లారీలోనే దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా సుబ్బారావు గారు మల్లయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మూడో రోజున ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

విచారణ అన్నారు. పై ఆఫీసరు నన్ను పిలిచి అడిగింది ఒక్కటే. "మనుషుల్ని దింపావా లేదా?" ఆఫీసులో గుమాస్తా ఒకాయన నా కోసమే స్టేట్‌మెంటు రాసి పెట్టాడు. దిగమని చెప్పినా మల్లయ్య దిగలేదని, వద్దన్నా దూకాడని. "సంతకం పెట్టు, నీ ఉద్యోగం నిలుస్తది" అన్నాడు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. కానీ అది పెడితే తప్పంతా మల్లయ్య మీద పడుతుంది, అతన్ని పనిలోంచి తీసేస్తారు.

నేను ఆ కాగితం మడిచి దవాఖానకు పోయాను. చదివి వినిపించాను. మల్లయ్య కప్పు వైపు చూస్తూ విన్నాడు.

"నువ్వు దిగమన్నవ్, నిజమే. నాకు చాతగాదన్న, గదీ నిజమే. అటెన్క నువ్వేమన్నవ్?"

"సరే పండుకో అని చెప్పిన."

"మరి గది రాయలేదేంది?"

కోపంగా అడగలేదు. ఎంతో అలసిపోయిన మనిషి అడిగినట్టు అడిగాడు. నేను ఆ కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాను. బయలుదేరేటప్పుడు, మెడకు వేలాడగట్టిన నా చెయ్యి చూసి, "చెయ్యి నొస్తున్నదా?" అని అడిగాడు. కాలు పోయిన మనిషి నా విరిగిన ఎముక గురించి అడిగాడు.

మర్నాడు నా స్టేట్‌మెంటు నేనే రాశాను. మల్లయ్య దిగలేనన్నాడు, నేను సరే అన్నాను, సామాను కట్టలేదు, దారి నడిచి చూడలేదు. సుబ్బారావు గారు తనది విడిగా రాసిచ్చారు. డ్రైవరు వద్దన్నాడు, నేనే వెళ్ళమన్నాను అని. మేమిద్దరం దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆయన్ని దూరం బదిలీ చేశారు. నన్ను ఏడాది పాటు బండి దించి, వర్క్‌షాపులో బండ్లు కడిగే పనికి వేశారు. మల్లయ్యకు ఆఫీసు గేటు దగ్గర కూర్చునే పని దొరికింది, రిటైరయ్యేదాకా చేశాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా జీపు తోలాను. వాలు గురించి ఆ రోజు నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. తెలిసినవన్నీ అలసటలో ఒక్కొక్కటిగా వదిలేశాను, అంతే. అలసిపోయిన డ్రైవరుకు దగ్గరి దారి ఎప్పుడూ మంచి దారిలాగే కనబడుతుంది. అందుకే ఆ తర్వాత ఒంట్లో ఓపిక లేని రోజున, "ఇయ్యాల నాతోని కాదు సార్" అని చెప్పడం నేర్చుకున్నాను. తిట్టినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు.

అయినా ఒక్కటి మాత్రం నన్ను వదలలేదు. మల్లయ్య దిగలేనన్నాడు. నేను బండి దిగి, వెనక్కి పోయి, అతన్ని చేతుల మీద దించి ఏ బండ పక్కనో గొంగడి కప్పి పడుకోబెట్టగలిగేవాణ్ణి. అతను బక్క మనిషి. రెండు నిమిషాల పని.