మాలెం బుషయిబ్ ముట్టుకోని కంప్యూటర్లు

చెయ్యి తిరిగిన మేస్త్రీని మా ఊళ్లో మాలెం అంటాం. కాసాబ్లాంకాలో దర్బ్ గలెఫ్ బజారు రేకుల కొట్లలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మాలెం బుషయిబ్‌కు ఒకటే జబ్బు. ఇంకొకరి కంప్యూటర్ మీద వేలు పెట్టడు. మీటలు నొక్కేది వచ్చినవాళ్లే. ఆయన పుదీనా టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, పక్కన పీట మీద కూర్చుని ఆజ్ఞలు జారీ చేస్తాడు.

ఒకసారి ఒకాయనకు సరిగ్గా మీట నొక్కే సమయానికి తుమ్ము వచ్చింది. "మాలెం, ఆ మీట కాస్త మీరు నొక్కండి" అని బతిమాలాడు. "తుమ్మి రా నాయనా, నేనెక్కడికీ పోను" అన్నాడు ఈయన.

ఎదురు కొట్లో చార్జర్లు అమ్మే నాకు ఒళ్లు మండేది. "రెండు నిమిషాల పనికి జనాన్ని రెండు గంటలు ఏడిపిస్తావేమయ్యా?"

"రెండు నిమిషాలు నాకు. కంప్యూటర్ నాది కాదుగా."

ఒక మంగళవారం పొద్దున యామ్నా వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తూ సాయంత్రాలు టెక్నీషియన్ కోర్సు చదువుకునే మనిషి. ఆ మధ్యాహ్నం మూడింటికే పరీక్ష. అప్పటికి రెండుసార్లు తప్పింది, మూడోసారీ తప్పితే ఇక రాయనివ్వరు. ఒక కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఇంకొకటి నడిపి చూపించాలి. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. అది ఆమె ఈమధ్యే మార్చుకున్న ల్యాప్‌టాప్‌లో లేవనంటోంది.

"ఇంట్లో ఇంకో కాపురం పెట్టాలంటే ఇంటి ఓనరు ఒప్పుకోవాలి కదా తల్లీ," అన్నాడు బుషయిబ్. "ఆ ఒప్పుకోలు విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల్లో ఉంటుంది. ఆపి మళ్లీ వెయ్యి. వేస్తూనే ఎఫ్2 టకటకా నొక్కు."

మూడుసార్లు ఆలస్యమైంది. నాలుగోసారి ఆ తెర దొరికింది. సెట్టింగు ఆన్ చేసి రీస్టార్ట్ చేసింది. అయినా లేవలేదు.

"రీస్టార్ట్ చాలదు. పూర్తిగా ఆపి, పది లెక్కపెట్టి వెయ్యి."

ఈసారి లేచింది. యామ్నా హమ్మయ్య అనుకుని బ్యాగు సర్దుకోబోయింది.

"ఇప్పుడు ఆ సెట్టింగు మళ్లీ ఆఫ్ చెయ్యి," అన్నాడు.

"బాగైంది కదా మాలెం?"

"అందుకే. చెడగొట్టి నువ్వే బాగుచెయ్యి."

అంతటితో వదల్లేదు. అలమరలోంచి నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు దించాడు. నాలుగూ నాలుగు కంపెనీలవి. ఒకదానికి ఎఫ్10 నొక్కాలి, ఇంకోదానికి డిలీట్. ఒకదాంట్లో ఆ సెట్టింగు సెక్యూరిటీ కింద దాక్కుంటే, మరోదాంట్లో ప్రాసెసర్ కింద. రెండోది ముగిసేసరికి పన్నెండైంది. యామ్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనిక ఆగలేక సందు దాటి వెళ్లాను.

"లేమ్మా, నేను చేసిపెడతాను."

"పోయిన పరీక్షకు ఎవరు చేసిపెట్టారు నీకు?" అని బుషయిబ్ ఆమెను అడిగాడు.

యామ్నా నా వైపు చూసి తల దించుకుంది. నిజమే, రెండు నిమిషాల్లో చేసి గొప్పగా పంపించింది నేనే. పరీక్ష హాల్లో ఇచ్చేది వాళ్ల కంప్యూటర్ అన్న సంగతి నాకు తట్టనేలేదు. అక్కడ ఆ సెట్టింగు ఆఫ్‌లో ఉంటే ఈమె దాని ముందు గంటన్నర బొమ్మలా కూర్చుని వచ్చిందట. నాకు చచ్చేంత సిగ్గేసింది. మూడో ల్యాప్‌టాప్ ఆమె ముందుకు జరిపాను.

సాయంత్రం ఆరింటికి వేడి వేడి మెసెమ్మెన్ రొట్టెల పొట్లంతో తిరిగొచ్చింది.

"హాల్లో ఇచ్చింది వీటిలో ఏదీ కాదు మాలెం. ఎఫ్2 పనిచేయలేదు, ఎఫ్10 పనిచేయలేదు. ఎస్కేప్ నొక్కితే తెరుచుకుంది. పది నిమిషాలు పట్టింది."

"పాసయ్యావా లేదా?" అన్నాను నేను, తట్టుకోలేక.

"అయ్యాను అన్నా."

బుషయిబ్ శుభాకాంక్షలేవీ చెప్పలేదు. "ఏ కంపెనీది?" అని అడిగి, పేరు కాగితం మీద రాసుకున్నాడు.

మర్నాడు నేను మామూలుకంటే ముందే కొట్టు తీశాను. ఆయన ఎదురుగా ల్యాప్‌టాప్‌లు వరసగా పరుచుకుని మీటలు నొక్కుతున్నాడు. ఏం వేగమది! ఇరవై ఏళ్లలో ఆ వేళ్లు మీటల మీద చూడటం అదే మొదటిసారి.

"పొద్దున్నే ఏం బాగుచేస్తున్నావయ్యా?"

"బాగుచేయడమా? నిన్న ఆ అమ్మాయి అన్నీ బాగుచేసి పోయింది. మళ్లీ చెడగొడుతున్నాను. రోజూ చేసే పనే. ఇవాళ ఇంకెవరో వస్తారుగా."

లెక్కపెట్టాను. నాలుగు కాదు, ఐదున్నాయి.

"ఐదోది ఆ అమ్మాయి చెప్పిన కంపెనీదే. పక్క సందులో దొరికింది," అంటూ దాన్ని నా వైపు తిప్పాడు. "కూర్చో. నువ్వే నొక్కు."

కొట్టు వదిలేసి కూర్చున్నాను.