మైల తీరకముందు చూసిన నాటకం

ఇది రాయవలసిన అవసరం ఇటీవలే ఏర్పడింది. నరసరావుపేటలో జరిగిన ఒక సభలో, మంచుకొండల మీద మనసు చెదరకుండా ఎలా నిలిచారని ఒక యువతి నన్ను అడిగింది. క్రమశిక్షణ వల్ల అన్నాను. సభ చప్పట్లు కొట్టింది. ఆ సమాధానం పూర్తి నిజం కాదు. కనుక జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఉత్తర సరిహద్దులోని ఆ పోస్టుకు మేము నవంబరు చివరివారంలో చేరాము. సన్నని కొండవెన్ను, రెండు వైపులా లోయ. ఇసుక బస్తాలతో, రేకులతో కట్టిన మూడు బంకర్లు. బంకరుకొక కిరోసిన్ పొయ్యి. ఉదయం ఆరింటికి డబ్బాలో నీళ్లు రాయిలా ఉండేవి. నేను సుబేదారును; గస్తీ వరుసలు వేయడం నా పని. తెలుగువారం ముగ్గురం: కారంపూడివాడినైన నేను, మాచర్ల వంటవాడు, ఈపూరు జవాను.

జనవరిలో ఒక ఉదయం నలుగురు గస్తీకి వెళ్లారు. నడుములోతు మంచు. తొమ్మిదిన్నరకు వాలు మీది మంచు జారిపడింది. ముగ్గురు బయటపడ్డారు. ఈపూరు జవాను బయటపడలేదు. వరుస ప్రకారం ఆ రోజు అతని వంతే. కాగితం మీద తప్పు లేదు. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా ఊరట కలగలేదు.

అతనితో చివరగా మాట్లాడినది రేడియో ఆపరేటరు. హెలికాప్టరు శవాన్ని తీసుకుపోయిన తరువాత ఆపరేటరు సెట్టులో తప్ప మాట్లాడలేదు. కంచం ముందు కూర్చునేవాడు, లేచిపోయేవాడు. వంటవాడు ఒక పూట కూరలో ఉప్పు మరిచాడు. అడిగినవారు లేరు.

నాలుగో రోజున, ఆపరేటరు తినడం లేదని తెలిసి, కింది శిబిరం నుంచి వైద్యాధికారి రేడియోలో పిలిచారు. సైనికుల నాటక బృందం ఒకటి వచ్చిందట. కాపలావారు తప్ప అందరూ దిగిరావాలి.

“సాబ్, మా వైపు మైల పాటిస్తాము. ఇంకా వారమైనా కాలేదు,” అన్నాను.

“మందు వేయడానికి ముహూర్తం చూడను సుబేదార్ సాబ్. మీ ఆపరేటరును ముందు వరుసలో కూర్చోబెట్టండి. రేపటికీ తినకపోతే ఆసుపత్రికి పంపేస్తాను.”

ఆజ్ఞ అందిందని చెప్పాను. తాళ్లు కట్టుకుని దిగుతుంటే వంటవాడు నా వెనకే గొణిగాడు.

“ఏడవమని ఆర్డరేస్తే ఏడుస్తాం సార్. నవ్వమంటే ఎట్టా?”

రేకుల షెడ్డు. మధ్యాహ్నం మూడు గంటలు. నాటకం సామాన్యమైనది. ఒక జవాను నాయనమ్మ చనిపోయిందని సెలవు అడుగుతాడు. పోయిన ఏడాది కూడా ఆమే రెండుసార్లు చనిపోయిందని అధికారి పట్టుకుంటాడు. అంతలో నాయనమ్మే చేతికర్రతో పోస్టుకు వచ్చి, మూడుసార్లు చంపి ఒక్కసారైనా భోజనాలు పెట్టలేదేమని మనవణ్ణి నిలదీస్తుంది. ఆమె ముసుగు కింద మీసం.

చావు మీద హాస్యం. లేచి వెళ్లిపోవాలనుకున్నాను. అప్పుడు నా పక్కన దగ్గులాంటి శబ్దం వచ్చింది. ఆపరేటరు నవ్వుతున్నాడు. తరువాత వంటవాడు. తరువాత నేను. ఎక్కడ అది ఏడుపుగా మారిందో చెప్పలేను. షెడ్డంతా ఊగుతోంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఒక్కొక్కడు తన బంకరులో చేయలేని పనిని అందరూ ఒకచోట కూర్చుని చేశారు. తిరిగి ఎక్కేటప్పుడు, రొట్టెలు ఉంటాయా అని ఆపరేటరు అడిగాడు. అతన్ని ఆసుపత్రికి పంపలేదు. నేను ఆ రాత్రి నిద్రపోయాను. లేచాక సిగ్గుపడ్డాను.

ఏప్రిల్‌లో పదవీ విరమణ పొంది వచ్చాను. మొదట ఈపూరు వెళ్లాను. జవాను తల్లి మిరప కళ్లంలో ముగ్గురు కూలి స్త్రీలతో కలిసి తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. కొడుకు వచ్చిన పెట్టె ముందు కూడా ఆమె ఏడవలేదని, నాటి నుంచి ఎవరితోనూ మాటలు లేవని వారిలో ఒకామె నాకు చెప్పింది. నేను సిద్ధం చేసుకున్న పరామర్శ వాక్యాలు పలికాను. ఆమె తల ఎత్తలేదు. ఆ మౌనం నాకు తెలిసినదే. దాని ముందు అబద్ధంగా కూర్చోలేక నాటకం సంగతి చెప్పేశాను.

ఆమె చేతులు ఆగాయి.

“నువ్వు నవ్వినావా అన్నా?”

“నవ్వాను చెల్లెమ్మా.”

“మావోడు పోయి నాలుగు రోజులకే.”

“అవును.”

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్లానేమో కూడా.

“ఏందది, అంత నవ్వొచ్చింది? చేసి చూపిచ్చు.”

నాకు నటన రాదన్నాను.

“నవ్వడం వచ్చిందిగా. చెయ్యి.”

ముప్పై ఏళ్ల సర్వీసులో అంత స్పష్టమైన ఆజ్ఞ వినలేదు. తువ్వాలు తలమీద ముసుగు వేసుకున్నాను. మిరపకాయల మధ్య వంగి నడిచాను. మనవణ్ణి నిలదీశాను. కూలి స్త్రీలు ముందు నోళ్లు మూసుకున్నారు, తరువాత మూసుకోలేకపోయారు. “మీసం తీసుకోవే నాయనమ్మా,” అంది ఒకామె. అప్పుడు ఆ తల్లి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ దుఃఖాన్ని నేను తేలిక చేశానో, అవమానించానో నేటికీ తెలియదు. నన్ను వదలనిది ఒక్కటే. ఎర్రటి కళ్లం నడుమ ఆమె నిలుచుని ఉంది. కన్నీళ్లు కారుతున్నాయి. చేతుల నిండా మిరప ఘాటు, కళ్లు తుడుచుకోలేదు. రెండు చేతులూ ముఖానికి దూరంగా, గాలిలో పట్టుకుని ఉంది.

ఆ పోస్టులో నాతో ఉన్నవారు ఇది చదివితే, మంచు లోతులో గానీ గంటలలో గానీ నా పొరపాట్లు దిద్దగలరు. ఆ కళ్లంలో నేను ఆ వేషం వేయకూడదని పాఠకులకు తోస్తే, దయచేసి అదీ మొహమాటం లేకుండా రాయండి.