కళ్ళు లేని అమ్మవారు

మేం సాయిబులం. అయినా అనకాపల్లి నూకాలమ్మ జాతరలో అమ్మే ముత్యపుచిప్ప బిళ్ళలు మా ఇంట్లోనే తయారయ్యేవి. రాంబిల్లి నుంచి చేపలమ్మే ముసలమ్మ ఒకామె చిప్పలు తెచ్చి గుమ్మంలో పోసేది. మా అబ్బా వాటిని కోసి, తడిపి, ఆకురాయితో రుద్ది, అరచేతిలో ఇమిడే అమ్మవారి ముఖం చెక్కేవాడు. కిరీటం, ముక్కుపుడక, పెదాల మీద నవ్వు, అన్నీ ఉండేవి. కళ్ళు మాత్రం ఉండేవి కావు.

“కళ్ళెడితే పేణం పోసినట్టే బేటీ. అది అల్లా పని” అనేవాడు. కొన్నవాళ్ళు ఇంటికి వెళ్ళి కాటుకతో పెట్టుకునేవారు. నేను పుట్టకముందు నుంచీ అదే వాడుక.

యుద్ధం రోజుల్లో ఒక ఏడు, జాతర దగ్గర పడ్డాక, ఏటా మా సరుకంతా తీసుకునే షావుకారు వచ్చాడు. “గుడ్డి అమ్మోరిని ఎవుడు కొంటాడు సాయిబూ? కళ్ళు సెక్కితే అట్టుకెల్తాను. లేపోతే పట్నం నుంచి రంగుబొమ్మలు తెప్పించేత్తాను” అన్నాడు.

“సెక్కను” అన్నాడు అబ్బా. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. రాజు గారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు, ఏడాది పని గంపలో మిగిలింది. ఇంట్లో మేమిద్దరమే. ఆ గంప అమ్ముడుపోకపోతే, చిప్పల పొడికి దగ్గుపట్టిన మనిషి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోయాలి. మోస్తే బతకడు. అది ఇద్దరికీ తెలుసు.

నాకు ఒళ్ళు మండింది. షావుకారు మీదే కాదు, అబ్బా మీద కూడా. ఇంత చెక్కిన చేతికి ఇంకో రెండు గీతలు బరువా? సూది తీసుకుని ఒక బిళ్ళకు నేనే కన్ను గీశాను. బిళ్ళ అడ్డంగా చీలిపోయింది. కళ్ళ దగ్గర పొర అంత పల్చగా తీసి ఉంది మరి.

అబ్బా చూశాడు, తిట్టలేదు. “నాకే ఎప్పుడైనా కళ్ళెట్టాలని ఆశ పుడతాదేమోనని అక్కడ పల్సగా తీత్తాను” అన్నాడు.

దాంతో నా కోపమంతా ఒక్కవైపుకే తిరిగింది. జాతరనాడు గంప నెత్తినెత్తుకున్నాను. “ఆడపిల్లవి, మనోళ్ళేటంటారు?” అన్నాడు అబ్బా. “అననీ” అన్నాను.

చేపల ముసలమ్మ పక్కనే గోనె పరిచి కూర్చున్నాను. ఆమె తన కాటుక భరిణె తీసి ఒళ్ళో పెట్టుకుని కేక మొదలెట్టింది. “రండర్రా! ఎవుళి అమ్మోరికి ఆళే కళ్ళెట్టుకోవాల!” ఆడవాళ్ళు మూగిపోయారు. ఒకరు చారెడేసి కళ్ళు పెట్టారు, ఒకరు మెల్లకన్ను పెట్టారు. ఎవరి అమ్మవారు వాళ్ళకు ముద్దు.

మధ్యాహ్నానికి షావుకారే వచ్చాడు. “మిగిలినవన్నీ ఇచ్చీ, కళ్ళు నేను సెక్కించుకుంటాను.”

“ఇవ్వను. కావాలంటే అందరిలాగే ఒకటి కొనుక్కోండి.”

జనం చూస్తున్నారు. వెనక్కి తిరగలేక ఒక బిళ్ళ ఏరుకున్నాడు. నేను కాటుక భరిణె ముందుకు జరిపాను. “కళ్ళు మీరే పెట్టాలి షావుకారు గారూ.”

వంగి, వేలు ముంచి పెట్టాడు. కాటుక ఎక్కువై ఒక కన్ను కిందికి జారింది. “ఓలమ్మో, ఇతగాడినే సూత్తంది!” అంది ముసలమ్మ. నేను ఎంత నవ్వానో చెప్పలేను.

అబ్బా ఆ తరవాత బతికినన్నాళ్ళూ చెక్కాడు. బెల్లం దిమ్మ ఎత్తలేదు, కన్ను పెట్టలేదు.