మస్తాన్ అడిగినదానికి నేనివ్వని జవాబు

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా ఫోన్. "మస్తాన్ పోయినాడప్పా. హార్ట్ ఎటాక్."

ఏ మస్తాన్ అని అడిగాను. తెలిసే అడిగాను.

నలభై కూడా లేవు వాడికి. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి ఇచ్చి వచ్చాను. ఒంట్లో ఓపిక లేదు. అయినా రాయాలి.

మా చిన్న డిగ్రీ కాలేజీకి బేస్‌బాల్ టీమ్ ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. మస్తాన్ బాల్ విసిరేవాడు. బ్యాట్ పట్టినవాడి వెనక కూర్చుని నేను పట్టేవాణ్ణి. మిగతా ఏడుగురూ అటెండెన్స్ కోసం వచ్చినవాళ్ళు.

కర్నూలు పెద్ద కాలేజీలో బెంచీ మీద కూర్చునేవాడు కూడా ఆ ఏడుగురి కంటే మేలు. ఒప్పుకుంటాను.

కానీ మస్తాన్ వేరే. వాడి బాల్స్ పట్టిన సాయంత్రం అరచెయ్యి వాచిపోయి బండి క్లచ్ నొక్కలేకపోయేవాణ్ణి.

కాలేజీకి ఉన్నవి నాలుగు గ్లవ్స్. అన్నీ ఎడమ చేతికి తొడిగేవే. వాడు విసిరేదే ఎడమచేత్తో, బాల్ పట్టే గ్లవ్ కుడిచేతికి కావాలి. మూడేళ్ళూ ఉత్త చేతులతోనే ఆడాడు. చేతికి దెబ్బ తగలకూడదని నేను బాల్ నేల మీద దొర్లించి తిరిగి ఇచ్చేవాణ్ణి.

యూనివర్సిటీ సెలెక్షన్స్‌లో కోచ్ వాడికి కుడిచేతి గ్లవ్ ఇచ్చాడు. మొదటిసారి తొడిగాడు. పెద్ద కాలేజీ క్యాచర్ బాల్ గట్టిగా తిరిగి విసిరాడు. మావాడు అలవాటుగా నేల మీదికి వంగాడు. బాల్ తల మీదుగా పోయింది. రెండోసారీ వంగాడు.

అందరూ నవ్వారు. పేరు కొట్టేశారు. నన్ను తీసుకున్నారు.

బస్సులో అడిగాడు. "నిజం చెప్పప్పా, వాళ్ళ కంటే నేను తక్కువనా?"

"ఎండ శానా ఉండాది, నీళ్ళు తాగు" అన్నాను.

యూనివర్సిటీ టీమ్‌లో బాల్ విసిరేవాళ్ళు ముగ్గురు. ప్రాక్టీస్‌లో ముగ్గురివీ నేనే పట్టాను. ఒక్క సాయంత్రం కూడా చెయ్యి వాయలేదు. ఆ సర్టిఫికెట్‌తోనే స్పోర్ట్స్ కోటాలో ఈ ఉద్యోగం వచ్చింది. ఇంక వాడి ముఖం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు.

పెళ్ళిళ్ళలో కలిసినప్పుడల్లా నవ్వుతూ అదే అడిగేవాడు. నేను బిర్యానీ బాగుందనేవాణ్ణి.

తక్కువ కాదు రా మస్తాన్.

ఆ ముగ్గురి కంటే నువ్వే మేలు. నీకు వంగడం నేర్పింది నేనే.

పోయిరా. ఆ అల్లా నీకు చల్లని నీడ ఇవ్వాలి.