సగం నారుమడి

1962లో నేను నెల్లూరులోని ఒక కాలేజీలో బోటనీ డిమాన్‌స్ట్రేటరుని. మొక్కల వేళ్ల కొసలు నలిపి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పిల్లలకు కణాలు చూపించడం నా పని. ఆ ఏడు నా మైక్రోస్కోపు ఒక రైతు నారుమడిని కాపాడిందని మా కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సభల్లో దండ కూడా వేస్తారు. ఇన్నాళ్లూ మాట్లాడకుండా వేయించుకున్నాను. కానీ జరిగింది అది కాదు.

తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో పెంచలయ్య మా పొలం పక్క రైతు. గాలివానకు సముద్రం కాలవలోకి ఎగదన్ని, అతని మొలగొలుకుల వరి నారుమడిలో ఉప్పునీళ్లు నిలిచాయి. నారు తలలు వాల్చేసింది. చచ్చి ఉంటే మడి దున్నేసి, వేరే నారు కోసం సంగం ఊళ్లో ఉన్న బావమరిది సుబ్బరామయ్య దగ్గరికి పోవాలి. ఒక పెళ్లిలో సుబ్బరామయ్య పెంచలయ్య విస్తరి దాటేసి పక్కాయనకు నెయ్యి వడ్డించినాడని, పెంచలయ్య అతనితో మాటలు మానేశాడు.

"నీ మిషన్లో చూసి చెప్పు సారూ. నారు పోతే పొయ్యింది గానీ, వాడి గడప తొక్కేది నా వల్ల కాదు."

"మీ బామ్మర్దే గదా పెంచలన్నా?"

"అందుకే గదా!"

మడిలోనే నిలబడి నారు వేళ్ల కొసలు కోసి ఫిక్సేటివ్‌లో వేశాను. కణాన్ని ఉన్నది ఉన్నట్టు నిలిపేసే మందు అది. కణం చస్తుంది, రూపం చెడదు. పిల్లలకు చూపిద్దామని గుప్పెడు నారు కూడా పీకి తెచ్చి, ల్యాబు కిటికీలో మంచినీళ్ల జాడీలో పెట్టి మరిచిపోయాను.

స్లయిడు మీద నేను వెతికింది న్యూక్లియోలస్‌ను. కణకేంద్రం లోపలి చిన్న ఉండ అది. ప్రోటీన్లు చేసే రైబోజోములు తయారయ్యేది అక్కడే అని ఇప్పుడు మనకు తెలుసు. ఎదిగే కణంలో అది రంగు పట్టి కుంకుమబొట్టులా గుండ్రంగా ఉంటుంది. ఈ వేళ్లలో ముడుచుకుపోయి, వెలిసిపోయి ఉంది.

"పోయిందన్నా. దున్నేయ్," అన్నాను.

నా వెంటే ల్యాబుకు వచ్చిన పెంచలయ్య ఒక కన్ను మూసి మైక్రోస్కోపులోకి చూశాడు. "ఇంత చుక్క చిక్కిపోతే నా మడంతా పోయినట్టేనా?"

"అంతే అనుకో."

"అయితే మా బామ్మర్ది నవ్వేది కూడా దీంట్లో కనపడతా ఉండాది సారూ!"

రెండు రోజుల తర్వాత, సోమవారం పొద్దున ల్యాబు తలుపు తీస్తే జాడీలో నారు నిటారుగా నిలబడి ఉంది. వేళ్ల కొసలు తెల్లగా సాగాయి. వెంటనే ఒక కొస కోసి స్లయిడు చేశాను. ఎర్రటి, గుండ్రటి న్యూక్లియోలస్‌లు! కష్టం వస్తే కణం ముందు తన పెద్ద ఖర్చు పని తగ్గించుకుంటుంది, న్యూక్లియోలస్ ముడుచుకుంటుంది. కష్టం తీరకపోతే చావు దాకా పోతుంది, తీరితే మళ్లీ విప్పారుతుంది. నేను మాత్రం ఉప్పునీళ్లలోనే వేళ్లు కోసి, నా చేత్తోనే వాటిని చంపి, చచ్చాయని తీర్పు చెప్పాను.

దొరికిన బస్సెక్కి, గట్ల మీద పరుగెత్తాను. అప్పటికే ఎద్దులు మడి మధ్యలో ఉన్నాయి. సగం నారు బురదలో కలిసిపోయింది.

"ఆపన్నా! బతికే ఉండాది!"

"ఎవురు చెప్పినారు?"

"నేనే."

"పొయ్యిందని చెప్పినోడెవురు?"

"అదీ నేనే."

పెంచలయ్య నాగలి వదిలి గట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "సారూ, నీకంటే నా ఎద్దులే నిదానం!"

మడిలో ఉప్పునీళ్లు తీసేసి, కాలవలో ఉప్పు పోయి మంచినీళ్లు వచ్చాక మడికి పెట్టాం. మిగిలిన సగం పచ్చబడింది. పోయిన సగం కోసం సంగం పోక తప్పలేదు. నన్నూ లాక్కుపోయాడు. గడప దగ్గర నన్ను ముందుకు తోసి, "నేను రాలా. తప్పు ఈయనది, ఈయనే తెచ్చినాడు," అన్నాడు.

సుబ్బరామయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "తప్పు సారుదైతే సారు పంక్తి చివర కూచోవాలి. బావా, నువ్వు ముందు కూచో." నెయ్యి గిన్నె తనే తెచ్చి, పెంచలయ్య విస్తట్లో చాలనేదాకా పోశాడు. నా దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ. సాయంత్రం నారు కట్టలు బండికెక్కాయి.

అప్పటి నుంచి ముడుచుకున్న న్యూక్లియోలస్ ఏ స్లయిడులో కనబడినా, గుప్పెడు మొక్కలు మంచినీళ్లలో పెట్టి, మళ్లీ చూశాకే నోరు విప్పుతున్నాను. నా శిష్యులకూ అదే నేర్పాను. ఇకమీదట ఎవరైనా దండ వేయదలిస్తే సగమే వేయండి. బురదలో కలిసిన సగం కూడా నా మైక్రోస్కోపు చేసిన పనే.